మూడో నంబరు పంపు

పట్టిసీమ ఎత్తిపోతల పథకంలో ఫిట్టరుగా పనిచేసే గంగాధర్‌కి చుట్టుపక్కల ఊళ్లలో గుండె ధైర్యం గల మనిషని పేరుంది. రెండేళ్ల కిందట శివరామకృష్ణగారి కొబ్బరితోటలో మోటారు రిపేరుకి వెళ్లినప్పుడు షెడ్డులో స్టార్టరు పెట్టె భగ్గున అంటుకుంది. అక్కడున్న నలుగురూ తలో దిక్కూ పరిగెత్తారు. గంగాధర్ మామూలుగా నడిచివెళ్లి ఎండుకర్రతో ఫ్యూజు లాగేసి, దోసిళ్లతో ఇసుక పోసి మంట ఆర్పాడు. మోచేతి దాకా వెంట్రుకలు కాలిపోయాయి.

"ఏం గుండె గంగాధర్ నీది!" అన్నారు శివరామకృష్ణగారు. ఆ మాట ఊరూరా చెప్పారు కూడా.

అది ధైర్యం కాదని గంగాధర్‌కి తెలుసు. మంట చూసినప్పుడు అతనికి ఏమీ అనిపించలేదు, అంతే. తండ్రి వీరాస్వామి పోయినప్పుడూ అంతే. కూతురు సాయిదుర్గ పదో తరగతిలో మండలంలో మొదటిదిగా వచ్చిందని మాస్టారు ఇంటికొచ్చి చెప్పినప్పుడూ అంతే. నవ్వాలని తెలిసి నవ్వాడు. భార్య వీరవేణికి ఈ సంగతి తెలుసు. తెలిసినట్టు ఆమె ఎప్పుడూ అనలేదు. ఆ ఇంట్లో పదిహేనేళ్లుగా అనకుండా ఉండిపోయిన మాటల్లో అదొకటి.

అతను గోదారి ఒడ్డున పుట్టినవాడు. వీరాస్వామి ఏడాది పొడుగునా వల వేసేవాడు, శివరాత్రికి మాత్రం లంకలో ఉన్న వీరభద్రుడి గుడికి పడవమీద జనాన్ని దాటించేవాడు. కొడుకు చేతికి తెడ్డు ఇవ్వకుండా రాజమండ్రిలో ఐటీఐలో చేర్పించాడు. ఫిట్టరు పని నేర్చుకున్న గంగాధర్, నిడదవోలు దగ్గరి ఇంజనీరు జగన్నాథరావుగారి కింద పదేళ్లపాటు పంపుల పనులు చేశాడు. ఆయన పనిచేసే కంపెనీకి అఫ్గానిస్తాన్‌లో ఒక కాంట్రాక్టు వచ్చింది. కాందహార్ దాటి ఉత్తరాన, పల్లంలో పారే ఏటి నుంచి మెరక మీది పొలాలకి నీళ్లు తోడే పంపుహౌసు. డబ్బు మన ప్రభుత్వం సాయంగా ఇస్తోంది.

"వస్తావా గంగాధరం?" అన్నారు జగన్నాథరావుగారు.

"ఆయ్, వస్తానండి," అన్నాడు. అప్పుడతనికి ముప్పై నాలుగేళ్లు.

ఆ చోటు అతనికి నచ్చింది. చెట్టూ చేమా లేని కొండలు, వాటి కింద రాళ్ల మధ్యనుంచి సన్నగా పారే నీళ్లు. నాలుగు పంపులు బిగించి, మొదటిసారి కాలవలోకి నీళ్లు వదిలిన రోజున పదిహేడు ఊళ్లవాళ్లు గట్టుమీద నిలబడ్డారు. నీళ్లు దగ్గరికి రాగానే ముసలివాళ్లు చెప్పులు విప్పి, వదులు పైజామాలు పైకి మడుచుకుని, కాలవలోకి దిగి ఊరికే నిలబడ్డారు. ఎవరూ కేరింతలు కొట్టలేదు. గంగాధర్ కూడా బూట్లు విప్పి వాళ్ల పక్కన నిలబడ్డాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి.

సెలవుకి ఇంటికొచ్చినప్పుడు ఆ సంగతి చెబుతుంటే వీరవేణి మధ్యలో ఆపి, "మా తమ్ముణ్ణి కూడా తీసుకెళ్లకూడదా?" అంది.

ఆమె పుట్టిల్లు మొగల్తూరు. తమ్ముడు సురేష్‌బాబు అక్కడ బోట్ల ఇంజన్లూ, వాటి వైరింగూ చూస్తూండేవాడు. చేతిపని తెలిసినవాడే. కానీ వేట ఆగిన నెలల్లో పని ఉండేది కాదు.

"అక్కడ రోజులు బాలేవు వేణీ. రోడ్డుమీద వెళ్తుంటే ఎటునుంచి ఏమొస్తుందో తెలీదు," అన్నాడు గంగాధర్.

"మీరుండగా వాడికి భయమేంటండీ?"

ఆమె అలా అంది. అతను సరేనన్నాడు. పంపుహౌసులో ఎలక్ట్రీషియను పని ఇప్పించాడు. సురేష్‌బాబు పదకొండు నెలలు అక్కడ ఉన్నాడు. ప్యానెల్ బోర్డుల దగ్గర కూర్చుని, పని చేసే పిల్లలకి తెలుగు తిట్లు నేర్పేవాడు. బావని ఎప్పుడూ "బావా" అని కాకుండా "బావగారండీ" అని సాగదీసి పిలిచి ఏడిపించేవాడు.

రెండువేల పదిలో, చలి మొదలయ్యే రోజుల్లో, ఇద్దరూ కాందహార్‌లో సామాను తీసుకుని తిరిగి వస్తుంటే రోడ్డుమీద జీపు ఆపారు. ఆపినవాళ్ల చేతుల్లో తుపాకులున్నాయి. డ్రైవర్ని వదిలేశారు. ఈ ఇద్దర్నీ పక్కపక్క ఇళ్లలో విడివిడిగా పెట్టారు. గంగాధర్‌ని పెట్టిన గది మట్టిగోడల గది. ఒక మూల ఎండుద్రాక్ష బస్తాలుండేవి. మూడో రోజున గోడ అవతల్నుంచి సురేష్‌బాబు గొంతు వినబడింది. ఏమన్నాడో తెలియలేదు. తర్వాత బండి వెళ్లిన చప్పుడు వినబడింది. పంతొమ్మిదో రోజున ఆ ఊరి పెద్దలు ఎవరో మధ్యలో నిలబడి, నీళ్లు తెచ్చినవాడని మాట్లాడి, గంగాధర్‌ని విడిపించారు. కాబూల్‌లో మన ఎంబసీ ఆఫీసరు ఒకాయన కుర్చీ చూపించి, కూర్చోమని, టీ తాగమని, అప్పుడు చెప్పాడు. సురేష్‌బాబు శవం రోడ్డుపక్కన దొరికి అప్పటికి రెండు వారాలైందనీ, దాన్ని విమానంలో పంపేశామనీ, మొగల్తూరులో కార్యక్రమాలు కూడా అయిపోయి ఉంటాయనీ.

గంగాధర్ టీ తాగాడు. అందులో పంచదార ఎక్కువైందని కూడా గమనించాడు.

మొగల్తూరు వెళ్లేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. అత్తగారు నూకరత్నం గుమ్మంలో కూర్చుని ఉంది. అతన్ని పైనుంచి కిందికి చూసి, "చిక్కిపోయావు బాబూ," అంది. వీరవేణి లోపల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అతను పక్కన కూర్చున్నాడు. ఆమె లేవలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అతను తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ఆమె ఎప్పుడూ తిట్టలేదు. తీసుకెళ్లమన్నది ఎవరో ఇద్దరికీ తెలుసు, తీసుకెళ్లింది ఎవరో కూడా తెలుసు. ఆ మాట ఎటునుంచి ఎత్తినా అవతలివాళ్లకి తగులుతుంది. అందుకని ఎత్తలేదు.

తర్వాత పట్టిసీమలో ఎత్తిపోతల పథకం వచ్చింది. గంగాధర్‌కి ఇంటి దగ్గరే పని దొరికింది. రెండువేల ఇరవై ఒకటిలో ఆ దేశం మొత్తం ఆ తుపాకులవాళ్ల చేతుల్లోకే వెళ్లిపోయినప్పుడు టీవీలో చూశాడు. విమానం వెంట జనం పరిగెడుతున్నారు. పంపుహౌసు ఏమైపోయి ఉంటుందో అని ఒక్కసారి అనుకుని అన్నం కలుపుకున్నాడు.

ఇదంతా వెనకటి సంగతి. ఇప్పుడు సాయిదుర్గకి ఇరవై నాలుగేళ్లు. గ్రూప్ వన్ పరీక్షకి చదువుతోంది. రాజమండ్రిలో కోచింగుకి వెళ్తూ, వారానికొక వ్యాసం రాసి, ఆదివారం పొద్దున్నే పైకి చదువుకుంటుంది. ఆ ఆదివారం గంగాధర్ అరుగుమీద కూర్చుని గడ్డం గీసుకుంటుంటే లోపల్నుంచి ఆమె గొంతు వినబడింది.

"సంఘర్షణలతో నలిగిన ప్రాంతం పట్ల భారత్ కొత్త విదేశాంగ విధానం. ప్రమాదాలు, అవకాశాలు."

అతను బ్లేడు ఆపలేదు. ఆమె చదువుకుంటూ పోయింది. అఫ్గానిస్తాన్‌లో అధికారంలో ఉన్నవాళ్లతో మన ప్రభుత్వం మళ్లీ మాటలు మొదలుపెట్టింది. కాబూల్‌లో మూతబడిన ఎంబసీని మళ్లీ ఎంబసీగా నడపాలని నిర్ణయించింది. మనం దూరంగా ఉంటే ఆ చోటు చైనాకో, పాకిస్తాన్‌కో పోతుంది. మధ్య ఆసియాకి వర్తకం దారి దొరుకుతుంది. పాత సాయం పనులు వృథా కాకుండా ఉంటాయి. ఇక ప్రమాదాలు. ఆడపిల్లల చదువు ఆపేసినవాళ్లని పెద్దమనుషుల్ని చేసినట్టవుతుంది. ఉగ్రవాదులకి చోటివ్వబోమని వాళ్లిచ్చే మాటకి హామీ లేదు. మూడో పాయింటు దగ్గర ఆమె గొంతు తగ్గింది.

"గతంలో అక్కడ పనిచేసిన భారతీయులపై దాడులు జరిగాయి."

తర్వాత ఆమె బయటికొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నాన్నా, ఆ లైను ఉంచనా, తీసేయనా?"

"ఎందుకు తీసేయడం?"

"మావయ్య సంగతి కదా. ఒక్క లైనులో రాసేస్తే ఏదోలా ఉంది. ఎక్కువ రాద్దామంటే, సొంత విషయాలు రాయొద్దని మా సారు చెప్పారు."

గంగాధర్ మొహం తువ్వాలుతో తుడుచుకున్నాడు. "ఉండనీ అమ్మా. జరిగింది కదా," అన్నాడు.

వంటింట్లో వీరవేణి చేప తోముతున్న చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

ఆ తర్వాత మూడు వారాలకి జగన్నాథరావుగారు కారులో వచ్చారు. ఆయన రిటైరై నిడదవోలులో ఉంటున్నారు. మోకాళ్ల నొప్పులు. పంపుహౌసు గేటు దగ్గర దిగి, మధ్యాహ్నం భోజనాల వేళ గంగాధర్‌ని పిలిపించుకుని, ఏటిగట్టు మీద బల్లమీద కూర్చోబెట్టుకున్నారు.

"నీకు అబద్ధం చెప్పను గంగాధరం. ఎందుకొచ్చానో సూటిగా చెప్పేస్తాను."

"చెప్పండి సార్."

"మన పాత కంపెనీవాళ్లు ఢిల్లీ నుంచి ఫోన్ చేశారు. ప్రభుత్వం పాత పనులన్నీ మళ్లీ చూస్తోందంట. ఏది బాగు చెయ్యొచ్చు, ఏది వదిలెయ్యాలి అని. మన పంపుహౌసు లిస్టులో ఉంది. నాలుగు పంపుల్లో రెండు ఎప్పుడో పోయాయి. ఒకటి నడుస్తోంది. మూడో నంబరు పంపు మోటారు కాలిపోతే హెరాత్ పట్నంలో ఎవరి చేతో వైండింగ్ చేయించి బిగించారు. ఆన్ చేస్తే దడేల్‌మని చప్పుడొచ్చి ట్రిప్పయి ఆగిపోతోంది. అక్కడ గోధుమ పాలుపోసుకునే టైమ్. ఒక్క పంపు నీళ్లు చివరి ఊళ్లకి అందడం లేదు. మనవాళ్లు ఎవరన్నా వెళ్లడానికి ఇంకా నెలలు పడుతుంది. ఈలోపు ఫోన్లో చూసి చెప్పేవాడు ఎవరన్నా ఉన్నారా అని అడిగారు. ఆ పంపు బిగించింది నువ్వే."

"అవతల ఎవరుంటారండీ ఫోన్లో?"

జగన్నాథరావుగారు గోదారివైపు చూశారు. "ఇప్పుడక్కడ ఇన్‌చార్జి రహ్మతుల్లా అని ఒకతను. పాతవాళ్లెవరూ లేరు. అతను వాళ్ల మనిషే. ఇరవై ఏళ్లు వాళ్లతోనే కొండల్లో ఉన్నాడంట."

"ఆయ్," అన్నాడు గంగాధర్.

"నువ్వు కుదరదంటే నేనేమీ అనుకోను. అలాగే చెప్పేస్తాను వాళ్లకి."

గంగాధర్ ఆలోచించాడు. కోపం వస్తుందేమోనని లోపల వెతుక్కున్నాడు. అలవాటైన గదిలో చీకట్లో చెయ్యి చాపితే గోడ తగిలినట్టు, అదే ఖాళీ తగిలింది. ఆ పంపు మాత్రం కళ్లకి కట్టింది. మూడో నంబరుకి పునాది బోల్టు ఒకటి కొంచెం వంకరగా ఉండేది. సురేష్‌బాబు వచ్చాక దాన్ని సరిచేయడానికి ఇద్దరూ రెండు రోజులు అవస్థపడ్డారు.

"రేపు పొద్దున్న చెయ్యమనండి సార్. నాకు రెండో షిఫ్టు. ఇంట్లోనే ఉంటాను," అన్నాడు.

ఇంట్లో ఆ సంగతి చెప్పాడు. రేపు ఫోనొస్తుంది, అక్కడి పంపు గురించి, అని. అవతల ఎవరో కూడా చెప్పాడు, దాచలేదు. వీరవేణి విని, పొయ్యిమీది గిన్నె దించి, మూత పెట్టి, "అలాగే," అంది.

పొద్దున్న తొమ్మిదిన్నరకి వీడియో కాల్ వచ్చింది. సాయిదుర్గ ఫోను పట్టుకుంది. తెరమీద నెరిసిన గడ్డం, తలపాగా, ఎండకి చిట్లించిన కళ్లు. రహ్మతుల్లా చిన్నప్పుడు పాకిస్తాన్‌లోని క్వెట్టాలో శరణార్థిగా పెరిగాడంట, ఉర్దూ వచ్చు. గంగాధర్ హిందీ అక్కడ కంపెనీవాళ్ల దగ్గర నేర్చుకున్న హిందీయే. ఇద్దరూ ఒకరికొకరు అర్థమయ్యారు. అతను ముందు ఆరోగ్యం అడిగాడు, ఇంట్లోవాళ్ల ఆరోగ్యం అడిగాడు. అక్కడి మర్యాద అది. గంగాధర్ అన్నిటికీ బాగున్నామని చెప్పి, "పంపు చూపించండి," అన్నాడు.

ఫోను లోపలికి కదిలింది. గోడకి గుళ్ల దెబ్బలున్నాయి. పైకప్పు ఒకచోట రేకులతో అతికారు. మూడో నంబరు అక్కడే ఉంది, ఆకుపచ్చ రంగు పెచ్చులూడి. పక్కన ప్యానెల్ బోర్డు తలుపు తెరిచి ఉంది. లోపల తలుపు వెనక చాక్‌పీసుతో కాదు, పెయింటుతో, తెలుగు అక్షరాల్లో రాసి ఉంది: "ముట్టుకుంటే సస్తావ్." సురేష్‌బాబు రాత.

సాయిదుర్గ తెరమీద నుంచి చూపు తిప్పి తండ్రివైపు చూసింది. గంగాధర్ ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు.

"ఒకసారి ఆన్ చెయ్యండి," అన్నాడు. అవతల దడేల్‌మంది, ఆగిపోయింది.

ఆ చప్పుడు వినగానే అతనికి సగం అర్థమైంది. నిలువుగా దిగే అలాంటి పంపులు ఒకవైపే తిరగాలి. వెనక్కి తిరిగితే లోపలి షాఫ్టు మరలు ఊడిపోతాయి. అందుకని వెనక్కి తిరగబోతే పట్టి ఆపే పళ్లచక్రం ఒకటి ఉంటుంది. వైండింగ్ చేసినవాడు తీగలు తారుమారుగా బయటికి తీసి ఉంటాడు. మోటారు వెనక్కి తిరగబోతోంది, పళ్లచక్రం పట్టి ఆపేస్తోంది. కొబ్బరితోటల్లో రోజూ చూసే తప్పే అది.

"మోటారుకీ పంపుకీ మధ్య జాయింటు విప్పించండి. మోటారు ఒక్కటే తిప్పి చూడాలి."

గంటన్నర పట్టింది. మనుషులు పానాలు పట్టుకుని వంగారు, లేచారు. ఒక బోల్టు తుప్పుపట్టి రాలేదు. దానిమీద డీజిల్ పోసి ఆగమన్నాడు గంగాధర్. ఆ ఆగిన పది నిమిషాల్లో అవతల రహ్మతుల్లా బయటికొచ్చి ఒక రాయిమీద కూర్చున్నాడు. ఇవతల గంగాధర్ అరుగుమీద కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఫోను.

"మీరు ఇక్కడ పనిచేశారని చెప్పారు, ఉస్తాద్," అన్నాడు రహ్మతుల్లా.

"చేశాను."

"ఇక్కడ రోడ్డుమీద ఇద్దరు హిందుస్తానీలని పట్టుకున్నారు అప్పట్లో. ఒకరు చనిపోయారు. అది..."

"రెండోవాణ్ణి నేను."

రహ్మతుల్లా తలపాగా సర్దుకున్నాడు. వెనక గాలి చప్పుడు. తర్వాత అన్నాడు, "నేను అప్పుడు కొండ అవతల ఉన్నాను. విన్నాను. చేసింది నేను కాదు. చేసినవాడు తర్వాత బాంబు పడి పోయాడు."

ఎవర్నడిగినా అలాగే చెబుతారని గంగాధర్‌కి తెలుసు. నిజం కావచ్చు. కాకపోవచ్చు. కనుక్కునే దారి లేదు.

"చనిపోయినతను నా భార్య తమ్ముడు," అన్నాడు.

రహ్మతుల్లా తల వంచి ఏదో ప్రార్థనలాంటిది గొణిగాడు. గంగాధర్ అతని తలపాగా చూస్తూ కూర్చున్నాడు. "డీజిల్ దిగి ఉంటుంది. ఇప్పుడు చూడమనండి," అన్నాడు.

బోల్టు వచ్చింది. మోటారు ఒక్కటే తిప్పారు. పైనుంచి చూపించమన్నాడు. అనుకున్నట్టే వెనక్కి తిరుగుతోంది. మెయిన్ ఆపించి, మూడు తీగల్లో రెండిటిని ఒకదాని చోట ఒకటి మార్పించాడు. మళ్లీ తిప్పితే సరైన వైపు తిరిగింది. జాయింటు బిగించారు. ఈసారి దడేల్‌మనలేదు. చిన్నగా మొదలై, బరువుగా, ఒకే తీరున మోగింది. గంగాధర్ కళ్లు మూసుకుని ఆ మోత విన్నాడు. బేరింగు కొంచెం అరిగింది గాని ఈ పంటకి ఆగుతుంది. అదే చెప్పాడు. గ్రీజు ఎప్పుడెప్పుడు పెట్టాలో చెప్పాడు. అవతల ఎవరో గట్టిగా నవ్వారు. రహ్మతుల్లా గుండెమీద చెయ్యి పెట్టుకుని, "ఖుదా మీకు మేలు చెయ్యాలి," అన్నాడు. ఫోను పెట్టేశారు.

వీరవేణి తలుపు చాటున నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. ఆమెకి హిందీ రాదు.

"తిరిగిందా?" అంది.

"తిరిగింది."

"ఆ రాత నేనూ చూశాను. వాడిదేగా?"

"వాడిదే."

"అతనికి ఎన్నేళ్లుంటాయి?"

"యాభై దాటి ఉంటాయి. నా వయసే."

"పిల్లలున్నారా?"

"అడగలేదు."

ఆమె లోపలికి వెళ్లి వడ్డించింది. అతను తిని షిఫ్టుకి వెళ్లాడు.

పది రోజుల తర్వాత జగన్నాథరావుగారు మళ్లీ వచ్చారు, ఈసారి ఇంటికే. ఢిల్లీవాళ్లు చాలా సంతోషించారంట. వేసవిలో నలుగురైదుగురిని మూడు నెలల పనికి పంపుతారంట. గంగాధర్ వెళ్తే బాగుంటుందంటున్నారు. సెక్యూరిటీ అక్కడివాళ్లే ఇస్తారు.

"వాళ్లే ఇస్తారు," అన్నాడు గంగాధర్, ఆ మాటని మళ్లీ ఒకసారి అటూ ఇటూ తిప్పి చూస్తున్నట్టు.

"అవును. అదే కొత్త సంగతి. అప్పుడు ఎవర్నుంచి కాపాడుకున్నామో, ఇప్పుడు కాపాడేది వాళ్లే. మంచిదా చెడ్డదా అని నన్నడిగితే చెప్పలేను గంగాధరం. వెళ్లకపోతే ఆ పంపుహౌసు పాడైపోతుంది. వెళ్తే ఏమన్నా జరిగితే, మాటకి పూచీ పడేవాడు లేడు. రెండూ నిజమే."

సాయిదుర్గ అక్కడే నిలబడి వింటోంది. ఆమె వ్యాసంలో ఉన్నవే ఆ రెండు మాటలూ. కానీ నోట్సు తెచ్చి చూపించలేదు.

గంగాధర్ భార్యవైపు చూశాడు. వీరవేణి గుంజకి ఆనుకుని కూర్చుని కాలిబొటనవేలితో నేలమీద గీతలు గీస్తోంది. తలెత్తకుండానే మాట్లాడింది.

"వాణ్ణి తీసుకెళ్లమన్నది నేనేనండీ, సారు."

జగన్నాథరావుగారికి చెబుతున్నట్టు అంది. కానీ అది ఆయనకి కాదని అందరికీ తెలిసింది.

"ఈయన వద్దన్నారు. నేనే పట్టుబట్టాను. మా అమ్మకి ఇప్పటికీ తెలీదు. అల్లుడే మంచి పని ఇప్పిస్తానని తీసుకెళ్లాడనుకుంటుంది. నేను చెప్పలేదు. ఈయనా చెప్పలేదు." ఆగింది. "ఈసారి నేనేమీ అనను. ఎల్లమనను, వద్దనను. ఈయన ఇష్టం."

గంగాధర్ పదిహేనేళ్లుగా ఆ మాట కోసం కాచుకుని ఉన్నాడా, దానికి భయపడుతూ ఉన్నాడా, అతనికే తెలియదు. వచ్చేసింది. ఇంటి పైకప్పు కూలలేదు. పక్కింటి బేబి కుళాయి దగ్గర బిందె కడుగుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

"నేను వెళ్లనండి సార్," అన్నాడు. "కోపం కాదండి. భయమూ కాదు. ఏంటో చెప్పలేను. ఫోన్ చేస్తే మాత్రం ఎత్తుతాను. ఎప్పుడు చేసినా ఎత్తుతాను. కాగితాలు కూడా రాసిస్తాను, ఏ పంపుకి ఏది ఎక్కడుందో. వెళ్లేవాళ్లకి పనికొస్తాయి."

వారం రోజులు సెలవు పెట్టకుండానే, షిఫ్టు లేని వేళల్లో కూర్చుని, సాయిదుర్గ పాత నోట్‌బుక్కులో ఇరవై మూడు పేజీలు బొమ్మలు గీశాడు. ఇంగ్లీషు పేర్లు సాయిదుర్గ రాసింది. వంకర బోల్టు సంగతి కూడా రాయించాడు. జగన్నాథరావుగారు దాన్ని ఢిల్లీకి పంపారు.

సాయిదుర్గ పరీక్ష రాసి వచ్చింది. అఫ్గానిస్తాన్ రాలేదు, భూగర్భ జలాల మీద వచ్చిందని చెప్పింది. బాగానే రాశానంది.

అక్కడి నుంచి వీడియోలు రెండు వచ్చాయి. ఒకదాంట్లో కాలవ, నీళ్లు, పక్కన పచ్చటి గోధుమ. రెండోదాంట్లో రహ్మతుల్లా, మూడో నంబరు పంపు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. పొలాల్లో మగవాళ్లు కనిపించారు గానీ ఆడవాళ్లు ఒక్కరూ కనిపించలేదు. గంగాధర్ ఆ సంగతి గమనించాడు. సాయిదుర్గ కూడా గమనించి, ఫోను తిరిగి ఇచ్చేసింది.

వైశాఖంలో గంగాధర్, వీరవేణి మొగల్తూరు వెళ్లారు. నూకరత్నానికి కళ్లు సరిగా ఆనడం లేదు. మంచంమీద కూర్చోబెట్టి, వీరవేణి తల్లి చెయ్యి పట్టుకుని తను చెప్పాల్సింది చెప్పేసింది. తీసుకెళ్లమన్నది నేనే అమ్మా, అని. ముసలామె ఆ చెయ్యి విడిపించుకోలేదు. తర్వాత అల్లుడివైపు తిరిగి, "వాడు ఆఖర్న ఎక్కడున్నాడు బాబూ? చూశావా?" అని అడిగింది.

పదిహేనేళ్లలో ఎవరూ అడగని మాట అది. గంగాధర్ చెప్పాడు. చూడలేదనీ, గోడ అవతల గొంతు మాత్రం విన్నాననీ, ఏమన్నాడో తెలియలేదనీ, ఆ గదిలో ఎండుద్రాక్ష వాసన ఉండేదనీ, మూడో రోజు బండి చప్పుడు విన్నప్పుడు ఇద్దర్నీ వదిలేస్తున్నారనుకున్నాననీ. ఒక్కొక్కటే, పంపుకి రిపోర్టు రాసినట్టు, వరసగా చెప్పాడు. నూకరత్నం ఏడ్చింది. వీరవేణి ఏడ్చింది. అతను వాళ్ల మధ్య పీటమీద కూర్చుని, ఇద్దర్నీ చూస్తూ, తనకీ రావాలేమో అని కాసేపు ఆగి చూశాడు. రాలేదు. ఒక కాలు తిమ్మిరెక్కింది. లేచి, చావడిలో కుండలోంచి నీళ్లు ముంచి, రెండు గ్లాసులతో తెచ్చి వాళ్లకిచ్చాడు.

సాయంత్రం నరసాపురం వచ్చి బస్సెక్కారు. వీరవేణి కిటికీ పక్కన కూర్చుంది. పాలకొల్లు దాటాక ఆమె అతని భుజంమీద తల వాల్చి నిద్రపోయింది. భుజం నొప్పి పుడుతున్నా అతను కదల్లేదు.